వినికిడి యంత్రం: కొనబోయేవారికి నాలుగు మాటలు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు మనవారు చేసే పనులలో పంచాంగ శ్రవణం ముఖ్యమైనది. పంచాంగ పఠనం అనలేదు పెద్దలు, శ్రవణం అన్నారు. నాడు విడిచివచ్చి తరతరాలుగా ఈ మైసూరు సీమలో కాపురముంటున్న మనకు తెలుగు నిలిచింది బడివల్ల కాదు, చెవివల్ల. మన పిల్లల చదువు కన్నడంలోనో ఇంగ్లీషులోనో సాగింది. తెలుగు మాత్రం తాతల నోట, అమ్మమ్మల నోట విని నేర్చుకొన్నారు. అటువంటి ఇంట పెద్దవారికి వినికిడి తగ్గితే ఏమవుతుంది? మనవడు ఒకసారి చెబుతాడు, రెండుసార్లు చెబుతాడు, మూడోసారి "ఏం లేదులే తాతయ్యా" అని వెళ్ళిపోతాడు. ఆ "ఏం లేదులే" అన్న మాటతో ఆ ఇంట తెలుగు కొంత తరిగిపోయినట్లే. అందుచేత ఈ వేళ నేనెత్తుకొన్న విషయం పండుగనాటికి తగినది కాదని ఎవరూ అనుకోరని నమ్ముతున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. యంత్రాలమ్మే వర్తకుణ్ణీ కాను. లెక్కలు చూచే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. మన సంఘంలోని వృద్ధులు కొందరికి తోడుగా పరీక్షలకు, దుకాణాలకు వెళ్ళటంవల్ల ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో కొంత తెలిసింది. తెలిసినది నలుగురికీ చెప్పటం ధర్మం కాబట్టి చెబుతున్నాను.

ఇది ఏ ఒకరిద్దరి బాధో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం చికిత్సగాని, యంత్ర సహాయంగాని అవసరమయ్యేటంత వినికిడి లోపం ఉన్నవారు లోకంలో 43 కోట్లమందికి పైగా ఉన్నారు. 60 ఏండ్లు దాటినవారిలో నలుగురికి ఒకరికైనా ఈ ఇబ్బంది ఉన్నదంటారు. ఈ హాలులో కూర్చున్న తలలు నెరిసినవారిని ఎంచుకొని చూడండి; లెక్క మీకే తేలుతుంది.

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అని మనకొక సామెత ఉన్నది. వృద్ధాప్యంలో వచ్చే చెవిటితనానికి ఈ సామెత తిరగబడుతుంది. ముసలివారికి శంఖం వినబడుతుంది. మాటే అర్థం కాదు. వయసుతో ముందుగా పోయేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. మన మాటలో అచ్చులకు బలమెక్కువ, అవి నిలుస్తాయి. స, శ, త, ప, క వంటి హల్లులు నీరసమైనవి, అవి జారిపోతాయి. తాత, పాప, కాక అన్న మూడు మాటలు తీసుకోండి. అచ్చులన్నీ ఒక్కటే. హల్లు వినబడకపోతే మూడూ ఒకటే మాట. అందుకే వారు "నీవు మాట్లాడేది వినబడుతూనే ఉన్నది గాని, నోట్లో నానుస్తున్నావు" అని మనల్నే తప్పుపడతారు. మనం గట్టిగా అరిస్తే అచ్చు మరింత గట్టిపడుతుందేగాని హల్లు రాదు. మంచి వినికిడి యంత్రం చేసే పని అన్ని ధ్వనులనూ పెంచటం కాదు. ఏ ధ్వని ఎంత తగ్గిందో ఆ ధ్వనిని అంత పెంచటం. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొంటే కొనుగోలులో వచ్చే చిక్కులు చాలావరకు విడిపోతాయి.

ఆ "ఎంత తగ్గిందో" అన్నది తెలియాలంటే మొదట పరీక్ష జరగాలి. దుకాణానికి కాదు, మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు వెళ్ళాలి. కొందరికి చెవిలో గుబిలి గట్టిపడి ఉంటుంది. తీసివేస్తే చాలు, యంత్రమే అక్కరలేదు. కర్ణభేరికి చిల్లు పడవచ్చు, చీము పట్టవచ్చు, లోపలి చిన్న ఎముక బిగిసిపోవచ్చు. వీటికి వైద్యం ఉన్నది. ఒకనాడు హఠాత్తుగా ఒక చెవి వినబడకుండా పోతే మాత్రం "చూద్దాంలే" అనుకోరాదు. అది అత్యవసరం. ఆ రోజే, లేదా మరునాడే వైద్యుణ్ణి చూడాలి. ఆలస్యమైనకొద్దీ వినికిడి తిరిగివచ్చే ఆశ తగ్గుతుంది. ఒక చెవిలోనే మోత, తల తిరుగుడు, చెవిపోటు ఉన్నవారు కూడా యంత్రం మాట తలపెట్టకముందే వైద్యునికి చూపించుకోవాలి.

వైద్యుడు సరేనన్న తరువాత శ్రవణ పరీక్ష. చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్‌జ్ వరకు ఒక్కొక్క స్థాయి ధ్వనిని వినిపించి, ఎంత మెల్లని ధ్వని వినగలరో గుర్తిస్తారు. ఆ పటమే ఆడియోగ్రామ్. కుడి చెవికి ఎర్రని సున్నలు, ఎడమ చెవికి నీలపు ఇంటూ గుర్తులు వేస్తారు. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 2021 నాటి విభజనలో 20 నుంచి 35 డెసిబెల్స్ లోపు స్వల్పం, 35 నుంచి 50 లోపు మధ్యమం, 50 నుంచి 65 లోపు ఒక మోస్తరు తీవ్రం, 65 నుంచి 80 లోపు తీవ్రం. ఈ కాగితం ప్రతిని అడిగి తీసుకోండి. "మా దగ్గరే ఉంటుందిలెండి" అంటే ఒప్పుకోవద్దు. అది చేతిలో ఉంటే నాలుగు చోట్ల ధర అడగగలరు. లేకపోతే ఒక్కచోటికే కట్టుబడిపోతారు.

ఆ పరీక్షతోపాటు మాట పరీక్ష కూడా జరగాలి. ధ్వని వినబడటం వేరు, మాట తెలియటం వేరు. ఇక్కడ మనబోటి ప్రవాసులు గమనించవలసిన విశేషం ఉన్నది. మాట పరీక్ష ఎవరి భాషలో వారికి జరగాలి. డెబ్బయి ఏండ్లు ఇంట తెలుగే మాట్లాడిన అమ్మగారికి కన్నడ మాటలు వినిపించి "నూటికి యాభై తప్పులు" అని వ్రాస్తే, ఆ తప్పులలో చెవివి ఎన్నో, భాషవి ఎన్నో ఎవరు చెప్పగలరు? తెలుగు మాటల పట్టికలున్నాయి. అడిగితే తెలుగువారిచేత పరీక్ష చేయించే చోట్లూ ఉన్నాయి. సిగ్గుపడక అడగండి.

పరీక్షకు ఎక్కడికి వెళ్ళాలి? మైసూరువారం అదృష్టవంతులం. 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మన ఊళ్ళోనే, మానసగంగోత్రిలో ఉన్నది. దూరదేశాలనుంచి రైలెక్కి ఇక్కడికి వస్తారు. మనవారు కొందరు సిటీ బస్సెక్కి వెళ్ళరు. బొంబాయి ప్రాంతపు తెలుగువారికి బాంద్రాలో 1983లో స్థాపించిన జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ఉన్నది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో కీర్తిశేషులైన అలీ యావర్ జంగ్ గారి పేరు దానికి పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నది. ఇటువంటి చోట్ల వరుసలో కూర్చోవలసి రావచ్చు. కాని పరీక్ష చేసేవారికి యంత్రం అమ్మితేనే పూట గడవాలన్న అవసరం ఉండదు. ఈ తేడా చిన్నది కాదు.

పరీక్ష ఉచితమని బోర్డు కట్టే దుకాణాలు వీధి వీధినా వెలిశాయి. వాటిలోనూ మంచివారున్నారు. అయితే ఉచిత పరీక్ష ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోక తప్పదు. అది యంత్రం ధరలో కలుస్తుంది. పరీక్షకు వేరుగా రుసుము పుచ్చుకొని, కాగితం చేతికిచ్చి, కొనటం మీ ఇష్టం అనేవారే ఒక్కొక్కసారి చవకపడతారు. పరీక్షించి యంత్రం అమర్చే ఆడియాలజిస్టు భారత పునరావాస మండలిలో నమోదైనవాడా కాదా అని కూడా అడగాలి. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన మండలి అది. నమోదు సంఖ్య గోడమీద లేకపోతే, చూపమనటంలో అమర్యాద ఏమీ లేదు.

ఇక యంత్రం ధర సంగతి. ఒక చెవికి పది పదిహేను వేల రూపాయల నుంచి, రెండు చెవులకు కలిపి నాలుగైదు లక్షల దాకా అమ్ముతున్నారు. వేలకూ లక్షలకూ మధ్య తేడా ఏమిటని అడిగితే అంగడివారు "చానళ్ళు" అంటారు. 4 చానళ్ళు, 8, 16, 32 అని మెట్లు కట్టి చెబుతారు. ధ్వనిని ఎన్ని ముక్కలుగా విడదీసి సవరిస్తారన్నదే ఈ చానళ్ళ లెక్క. కొంతవరకు అవసరమే. ఆపైన పెరిగే అంకెకు తగినట్లు చెవికి సుఖం పెరగదు. అమెరికాలో మెంఫిస్ విశ్వవిద్యాలయం వారు రెండు కంపెనీల ఖరీదైన రకాలను, సాదా రకాలను తీసుకొని, వృద్ధులచేత మార్చి మార్చి పెట్టించి చూచారు. 2014లోను, 2016లోను ఫలితాలు ప్రకటించారు. సరిగా అమర్చినప్పుడు నిత్యజీవితంలో రెండు రకాలూ దాదాపు ఒకే మేలు చేశాయని తేలింది. "సరిగా అమర్చినప్పుడు" అన్న మాటను గుర్తుంచుకోండి. నేను ఈ వేళ చెప్పదలచిన దానికంతటికీ అదే మూలం.

మనం డబ్బిచ్చేది యంత్రానికి అనుకొంటాము. నిజానికి సగం డబ్బు అమర్చే పనికి పోతుంది, పోవాలి కూడా. చెప్పుల జోడు తీసుకొన్నంత తేలికగా తీసుకొని పెట్టుకొనేది కాదిది. మంచి పట్టుచీర నేత ఎంత మంచిదైనా రవిక కొలత తప్పితే తొడుక్కోలేము గదా! యంత్రమూ అంతే. చెవి కాలువ ఒకరిదున్నట్లు ఒకరిది ఉండదు. కంప్యూటరు వేసిన మొదటి అంచనాతో వదిలివేస్తే కొందరికి చాలదు, కొందరికి హెచ్చవుతుంది. దీన్ని సరిచూడటానికొక పద్ధతి ఉన్నది. సన్నని మెత్తని గొట్టమొకటి కర్ణభేరి దగ్గరదాకా పెట్టి, యంత్రం చెవిలో ఉండగా లోపలికి ఎంత ధ్వని చేరుతున్నదో కొలుస్తారు. దీన్ని "రియల్ ఇయర్" కొలత అంటారు. ఆస్ట్రేలియా, కెనడా పండితులు తయారుచేసిన లెక్కలున్నాయి. ఇంత లోపానికి ఇంత ధ్వని చేరాలని అవి చెబుతాయి. దానితో ఈ కొలతను పోల్చి సవరిస్తారు. మీరు దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న "ఎన్ని చానళ్ళు?" అని కాదు, "రియల్ ఇయర్ కొలత చేస్తారా?" అని. ఆ పరికరం లేదంటే, యంత్రం పెట్టి ఒకసారి, పెట్టక ఒకసారి మాట పరీక్ష చేసి రెండంకెలూ కాగితం మీద చూపమనండి. అదీ చేయనివారివద్ద కొనవద్దు.

రకాల విషయం క్లుప్తంగా చెబుతాను. జేబులో పెట్టుకొనే పాత రకం ఇప్పుడు అరుదైపోయింది. చెవి వెనుక పెట్టుకొనేది గట్టిది, తీవ్రమైన లోపానికీ చాలుతుంది, వేళ్ళు వణికేవారికి పట్టుకొనటానికి వీలు. దానిలోనే సన్నని తీగతో స్పీకరు చెవిలోకి దిగేది ఒకటి ఉన్నది. చూపుకు నాజూకు, కాని చెమట, గుబిలి దానికి శత్రువులు. పూర్తిగా చెవిలోకి దూర్చే చిన్నది ఎవరికీ కనబడదు. కనబడకపోవటానికే ఎక్కువ ధర. ముసలితనంలో కళ్ళజోడు పెట్టుకొనటానికి సిగ్గుపడనివారు చెవికి మాత్రం ఎందుకు సిగ్గుపడాలో నాకు బోధపడదు. చిన్నదైనకొద్దీ బ్యాటరీ చిన్నది, బలం తక్కువ, మరమ్మతు ఎక్కువ. బలమైన లోపం ఉన్నవారు చెవి అచ్చు పోయించుకోవాలి. యంత్రం ఈల వేస్తున్నదని మూలపడేసినవారిలో చాలామందికి కొత్త యంత్రం అక్కరలేదు, వదులైన అచ్చు మార్చుకొంటే చాలు.

ఒక చెవికా, రెండు చెవులకా? రెండు చెవులకూ లోపముంటే రెంటికీ పెట్టుకోవటమే మేలు. మాట ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలుస్తుంది. నలుగురిలో మాట పట్టుబడుతుంది. డబ్బు పరిమితమైతే, ఖరీదైనది ఒక్కటి కొనటం కంటె సాదా రకం రెండు కొనటం లాభమని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్కలవాడి లెక్క వినండి. యంత్రం సాధారణంగా అయిదేండ్లు పనిచేస్తుందనుకొందాము. సాదా జత 40,000 రూపాయలు. 312 అన్న గోధుమరంగు చీటీ బ్యాటరీ వారానికొకటి చొప్పున రెండు చెవులకు సంవత్సరానికి 104 కావాలి. ఒక్కొక్కటి 40 రూపాయలనుకొంటే 4,160, అయిదేండ్లకు 20,800. మరమ్మతులకు, అచ్చులకు 5,000 వేసుకోండి. మొత్తం 65,800. రోజుకు 36 రూపాయలు పడింది. పొద్దుటినుంచి రాత్రిదాకా ఇంటిల్లిపాదితో మాట్లాడుకొనటానికి ముప్పయ్యారు రూపాయలు! మన సభ్యులలో ఒక పెద్దాయనకు కొడుకులు ముచ్చటపడి మూడు లక్షల జత కొనిపెట్టారు. రోజుకు 164 రూపాయలన్నమాట. అమర్చినవారు ఒక్కసారి అమర్చి, మళ్ళీ పిలవలేదు. గిన్నెల చప్పుడు తలలో సమ్మెటపోటులా ఉన్నదని ఆయన తీసి బీరువాలో దాచారు. ఎవరైనా చుట్టాలు వస్తే పెట్టుకొంటారు. యంత్రాలలోకెల్ల ఖరీదైనది ఏదని అడిగితే నేను చెప్పే జవాబు ఇదే: బీరువాలో ఉన్నది.

మనం కొనవలసింది యంత్రం కాదు, చెవిలో యంత్రముండే గంటలు. కొనేటప్పుడే ఆ గంటలకు హామీ పుచ్చుకోవాలి. ఎట్లాగంటే, ఈ సంగతులు బిల్లుమీదనో, వేరే కాగితంమీదనో వ్రాయించుకోండి. యంత్రం కంపెనీ పేరు, రకం పేరు, సంఖ్య, యంత్రానికింత, అచ్చుకింత, అమర్చినందుకింత అని విడివిడిగా, ఎన్నిసార్లు ఉచితంగా సవరిస్తారో, వారంటీ ఎన్నేండ్లో, మరమ్మతుకు పంపినన్నాళ్ళు బదులు యంత్రమిస్తారో లేదో, ఇంట పెట్టుకొని చూచే గడువెన్ని రోజులో, నచ్చక తిరిగి ఇస్తే ఎంత పట్టుకొంటారో. "అదెంతమాటండీ, మేమున్నాం గదా" అన్న తీపిమాటకు కాగితంమీద విలువ లేదు. వినికిడి యంత్రాలకు జీఎస్టీ లేదు. పన్ను కలిపామని ఎవరైనా అంటే బిల్లులో చూపమనండి. పెట్టెమీద పెద్ద ధర అచ్చువేసి "మీకోసం సగం తగ్గించాం" అంటే పొంగిపోవద్దు. తగ్గించినదెంతో కాదు, చేతినుంచి పోయేదెంతో చూడండి. అదే రకం పేరు చెప్పి ఇంకా రెండుచోట్ల అడగండి.

మనబోటి వలసవచ్చినవారికి ఇంకొక ప్రశ్న ముఖ్యం. ఆరు నెలలు మైసూరులో కొడుకు దగ్గర, ఆరు నెలలు విజయవాడలో కూతురు దగ్గర ఉండే తల్లిదండ్రులెందరో ఉన్నారు. కొన్ని దుకాణాలవారు అమ్మే యంత్రాలకు తాళం వేసినట్లుంటుంది. వారి శాఖలలో తప్ప మరెవరూ వాటిని సవరించలేరు. "ఈ యంత్రాన్ని ఇతర ఊళ్ళలో, ఇతర ఆడియాలజిస్టులు సవరించగలరా?" అని అడిగి, జవాబు వ్రాయించుకోండి.

ఇంట పెట్టుకొని చూచే రెండు మూడు వారాలు యంత్రానికీ పరీక్షే, మనకూ పరీక్షే. దుకాణంలోని నిశ్శబ్దంలో అన్నీ బాగానే వినబడతాయి. వంటింట్లో కుళాయి తిప్పి ఉండగా కోడలి మాట వినబడిందా? ఫోనులో మనవరాలి గొంతు తెలిసిందా? దేవరాజ అరసు రోడ్డుమీద ఆటో మోత భరించగలిగారా? గుళ్ళో అర్చకస్వామి మాట అందిందా? ఇంట తెలుగు, బయట కన్నడం రెండూ తెలిశాయా? ఒక చిన్న పుస్తకంలో రోజూ నాలుగు మాటలు వ్రాసుకొని, సవరణకు వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళండి. "బాగాలేదు" అంటే వారేమీ చేయలేరు. "గిన్నెల మోత హెచ్చు, ఆడవారి మాట తక్కువ" అంటే వెంటనే సవరిస్తారు. ఇప్పటి యంత్రాలు చాలావాటిలో రోజుకెన్ని గంటలు పెట్టుకొన్నారో లెక్క కూడా నమోదవుతుంది. మొదటి రోజులలో తన నమలుడు శబ్దమే తనకు చికాకనిపిస్తుంది. ఏండ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మెదడుకు కొన్ని వారాలు గడువియ్యాలి. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకొంటూ పోవటం మంచిది.

బ్యాటరీ సంగతి రెండు మాటలు. ఈ బ్యాటరీలు గాలితో పనిచేసేవి. చీటీ ఊడదీసి ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి అమర్చితే పూర్తి బలం వస్తుంది. చీటీ తిరిగి అంటించి దాచుకొంటే నిలవదు. పసిపిల్లలకు అందనీయరాదు, మింగితే ప్రాణాపాయం. చార్జి చేసుకొనే రకం వ్రేళ్ళు వంగనివారికి సుఖం. కాని నాలుగైదేండ్లకు లోపలి సెల్లు బలహీనపడితే మార్చటానికెంత అని ముందే అడగాలి. చెన్నపట్నం, యానాం, బరంపురం వంటి ఉప్పుగాలి ఊళ్ళలోని మనవారు రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో యంత్రాన్ని ఉంచితే మరమ్మతులు తగ్గుతాయి.

పత్రికలలోను, ఫోనులోను వెయ్యి రెండువేలకు వినికిడి యంత్రమని ప్రకటనలు చూస్తుంటాము. వాటిలో అనేకం కేవలం ధ్వని పెంచే డబ్బాలు. అన్నిటినీ ఒకే తీరున పెంచి, మిగిలిన వినికిడికి కూడా చేటు తేవచ్చు. అమెరికానుంచి పిల్లలు తెచ్చేవి వేరు. అక్కడ 2022 అక్టోబరునుంచి పెద్దవారికి, స్వల్ప మధ్యమ లోపానికి చీటీ లేకుండా అమ్మే యంత్రాలను అనుమతించారు. 2024లో ఒక రకం ఆపిల్ ఇయర్‌ఫోనులకు కూడా అటువంటి అనుమతి లభించింది. లోపం కొద్దిగా ఉన్నవారికి ఇవి పనికిరావచ్చు. తీవ్రమైన లోపానికి చాలవు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కనుక్కొని తెప్పించుకోండి.

భయపెట్టి అమ్మటం మరొక పద్ధతి. "యంత్రం పెట్టకపోతే మతి పోతుంది" అంటారు. వినికిడి లోపానికీ మతిమరుపు జబ్బుకూ సంబంధమున్నదని పండితులంటున్న మాట నిజమే. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధనలో 70 నుంచి 84 ఏండ్ల మధ్య వయసున్న 977 మందిని మూడేండ్లు పరిశీలించారు. అందరినీ కలిపి చూస్తే తేడా కనబడలేదు. మతి మందగించే ప్రమాదం ముందే ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆ మందగింపు 48 శాతం తగ్గింది. కనుక ఆశ ఉన్నది, హామీ లేదు. యంత్రం కొనటానికి ఇంట మాట వినబడటమే చాలినంత కారణం. భయంతో ఖరీదైనది కొనవలసిన పని లేదు.

కొనలేనివారి సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం కలవారి ముచ్చటగా మిగులుతుంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం "అడిప్" 1981నుంచి ఉన్నది. ఆదాయ పరిమితికి లోబడినవారికి జాతీయ సంస్థల ద్వారా యంత్రాలు లభిస్తాయి. వైకల్య ధ్రువపత్రం కావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని ఇంకొకటి ఉన్నది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. వినికిడి యంత్రం ఆ పట్టికలో చేరినదే. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు, పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్ ద్వారా కొంత ధర తిరిగివస్తుంది. కొన్న తరువాత కాదు, కొనకముందే నియమాలు తెలుసుకొని అనుమతి పుచ్చుకోవాలి. మన సంఘ సభ్యులలో ఈ వరుసలలోకి వచ్చేవారు చాలామంది ఉండి కూడా, అడగటానికి అభిమానపడి అప్పుచేసి కొంటున్నారు. ప్రభుత్వమిచ్చేది భిక్ష కాదు.

ఇంటివారికొక విన్నపం. ఎంత మంచి యంత్రమైనా పక్కగదినుంచి వేసే కేకను మాటగా మార్చలేదు. ఎదురుగా వచ్చి, ముఖం కనబడేటట్లు నిలబడి, టెలివిజన్ తగ్గించి, అరవక, నిదానంగా చెప్పండి. ఒకసారి తెలియకపోతే అదే మాటను మళ్ళీ అనక, వేరే మాటలలో చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఏ లక్షల యంత్రమూ దీనికి సాటి రాదు.

చివరగా మన సంఘానికి రెండు సూచనలు చేస్తాను, కార్యవర్గం వారు ఆలోచించాలి. మొదటిది, పరీక్షకు, యంత్రం కొనుగోలుకు వృద్ధుల వెంట వెళ్ళగల యువకులు నలుగురైదుగురు పేర్లివ్వాలి. అమ్మేవాని ఎదుట చెవి వినబడనివాడు ఒంటరిగా కూర్చుంటే బేరం ఎట్లా జరుగుతుందో వేరే చెప్పాలా? వెంట ఒకరుండి, అడగవలసినవి అడిగి, కాగితం వ్రాయించుకొని వస్తే చాలు. రెండవది, యంత్రం కొన్నవారందరి అనుభవం ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. ఏ రకం, ఎంత ధర, సవరణకు పిలిచారా లేదా, ఏడాది తరువాత రోజుకెన్ని గంటలు పెట్టుకొంటున్నారు అన్న నాలుగు గడులు చాలు. రెండేండ్లలో అది ఏ ప్రకటనకంటెనూ విలువైన పుస్తకమవుతుంది. కంపెనీలవారు మన హాలులో ఉచిత శిబిరం పెడతామని వస్తే పెట్టనివ్వండి; కాని ఆ రోజు అక్కడ డబ్బు చేతులు మారకూడదని ముందే షరతు పెట్టండి. పరీక్ష ఒకనాడు, కొనుగోలు మరొకనాడు. ఆ మధ్య నాలుగు రోజులలో ఇంటివారితో ఆలోచించుకొనే అవకాశం ముసలివారికి దక్కుతుంది.

 ఈ కొత్త సంవత్సరంలో మీ ఇండ్లలో బీరువాలలో నిద్రపోతున్న యంత్రాలుంటే, ఈ వారంలోనే తీసి సవరణకు పట్టుకువెళ్ళండి. కొత్తదానికంటె ముందు పాతదాన్ని బాగుచేయించటం మొదటి పొదుపు.